డ్రైవర్ పోయిందా? దారి ఉంది!

రాత్రి తొమ్మిది. హన్మకొండలో మా పక్కింటబ్బాయి తలుపు కొట్టాడు. “అన్నా, జర మా ఇంటికి రావా? ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తే పోయింది!” చెల్లెలికి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకు అదే ఆఖరి రోజు. ఫోన్ చిన్న తెర మీద కాలేజీ కోడ్ ఒక్కటి తప్పినా చిక్కేనని ఆ అమ్మాయి భయం.

ఇంతకీ జరిగిందేమిటి? నెట్ నెమ్మదిగా ఉందని ఈయనగారు డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి వైఫై డ్రైవర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాడు. ఇప్పుడు నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లికాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టు!

కంగారు పడకండి. వైఫై కార్డు లోపల భద్రంగానే ఉంటుంది. పోయిందల్లా దానికీ విండోస్‌కీ మధ్య దుబాసీ లాంటి డ్రైవరే.

ముందుగా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ ఫైళ్లు డిస్కులో మిగిలి ఉంటే విండోస్ తనంతట తానే కార్డును గుర్తుపట్టి వాటిని ఎక్కించుకుంటుంది. లేదంటే డివైస్ మేనేజర్‌లో యాక్షన్ మెనూకి వెళ్లి ‘స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్’ నొక్కండి.

తీసేసేటప్పుడు ‘డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించు’ అన్న గడిలో టిక్కు పెట్టి ఉంటే ఇది పనిచేయకపోవచ్చు. మావాడు పెట్టాడు! అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. ఫోన్‌లోని నెట్ తీగ గుండా వచ్చేస్తుంది. మామూలు హాట్‌స్పాట్ పనికిరాదు, దాన్ని అందుకోవాల్సింది పోయిన వైఫైయే కదా! రూటర్ దగ్గరుంటే ల్యాన్ కేబుల్ పెట్టినా సరే.

నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్ నడపండి. దొరక్కపోతే ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి వైఫై డ్రైవర్ దింపుకోండి. కార్డు ఎవరిదో తెలియదా? డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ చూడండి. ‘వీఈఎన్’ పక్కన 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14సీ3 ఉంటే మీడియాటెక్.

పక్కింట్లో కేబుల్ పెట్టిన కాసేపటికే వైఫై గుర్తు మళ్లీ వెలిగింది. గడువులోగా ఆప్షన్లన్నీ సేవ్ చేశాకే ఆ అమ్మాయి భోజనానికి లేచింది.

మీరూ ఒక పని చేయండి. నెట్ బాగున్నప్పుడే ఆ డ్రైవర్‌ను ఓ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అప్‌డేట్ తర్వాత వైఫై మొరాయిస్తే డ్రైవర్‌ను పీకేయకుండా ముందు ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ ప్రయత్నించండి. అన్నిటికంటే ముఖ్యం, ఆఖరి రోజున ప్రయోగాలొద్దు!