చెవికి అన్నీ తెలుస్తాయా?

పాత సెట్లంటే చెవి కోసుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇంట్లో టర్న్‌టేబుల్ ఉంది, హెచ్‌ఎంవీ ఎల్పీలున్నాయి, ఎవరడిగినా ఇవ్వను. అయినా మావాళ్లు నలుగురు చేరినచోటల్లా వినిపించే ఒక వాదాన్ని మాత్రం ఇక ఊరుకుని వినలేను. రికార్డులో ఉన్నది అసలు ధ్వనట, సీడీలో ఉన్నది ముక్కలు చేసి అతికించిన నకలట. వాల్వు సెట్టులో ప్రాణముందట, ఇప్పటి చిప్పుల్లో లేదట. రుజువేమిటంటే, ‘మా చెవి ఇట్టే పట్టేస్తుంది’ అంటారు.

ఆ చెవి సంగతే ముందు చూద్దాం. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే రికార్డుల కంపెనీ ఉంది. స్టూడియో మాస్టర్ టేపు నుంచి రికార్డులు తయారుచేస్తుందని సేకర్తల్లో దానికి గొప్ప పేరు. దాని ప్రత్యేక ముద్రణలు కొన్ని వంద డాలర్లు దాటినా ఎగబడి కొనేవారు. 2022లో గుట్టు బయటపడింది. 2011 నుంచే చాలా రికార్డులకు టేపును ముందు డీఎస్‌డీ అనే డిజిటల్ ఫైలుగా మార్చి, ఆ ఫైలు నుంచి గాడి కోస్తున్నారు. ఇన్నేళ్లూ సమీక్షకులూ సేకర్తలూ లక్షలు పోసిన సామాను మీద ఆ రికార్డులే వింటూ, అనలాగ్ అంటే ఇదీ అని మురిసిపోయారు. గుట్టు విప్పింది ఏ బంగారు చెవీ కాదు. ఫీనిక్స్ నగరంలోని ఒక రికార్డుల దుకాణదారు తన చెవిన పడిన మాటను బయటపెడితే, కంపెనీ ఇంజనీర్లు అవునన్నారు. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. సంగతి దాచి అమ్మారన్న ఫిర్యాదు న్యాయమైనదే. అయితే నిన్నటిదాకా అమృతంలా ఉన్న రికార్డు ఇవాళ చేదెక్కిందంటే, మారింది గాడి కాదు కదా!

వాల్వుల మహిమకూ ఇలాంటి పరీక్ష ఎప్పుడో జరిగింది. ఇంగ్లండులో క్వాడ్ కంపెనీవి మూడు తరాల ఆంప్లిఫైయర్లు తీసుకున్నారు: 1953 నాటి వాల్వుల క్వాడ్ టూ, 1967 నాటి ట్రాన్సిస్టర్ల 303, 1975 నాటి 405. మూడింటినీ ఒకే శబ్దస్థాయిలో ఉంచి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. జేమ్స్ మోయిర్ ఆ ఫలితాన్ని 1978లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో రాశాడు. వినడంలో ఆరితేరినవాళ్లకు కూడా ఏది ఏదో తెలియలేదు. ‘ఒకే శబ్దస్థాయి’ అన్నది ఇక్కడ కీలకం. పిసరంత గట్టిగా మోగే సెట్టు మంచి సెట్టులా వినిపిస్తుంది. దుకాణాల్లో జరిగే పోలికలు సగం ఇక్కడే చెడతాయి.

అన్ని వాల్వు సెట్లూ ఒకేలా మోగుతాయని నేననడం లేదు. కొన్నింట్లో ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ. స్పీకరు ఇంపెడెన్స్ ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది కనుక, కొన్ని స్వరాలు లేస్తాయి, కొన్ని అణుగుతాయి. అది చెవికి హాయిగా ఉండొచ్చు. హాయి వేరు, యథాతథం వేరు. ఇక మనం ఇళ్లలో వింటున్న ‘పాత ధ్వని’ చాలాసార్లు ముసలితనం. కెపాసిటర్లు ఎండిపోయి, ఫిల్టరింగ్ చాలక, వంద హెర్ట్జ్ హమ్ అడుగున గొణుగుతూనే ఉంటుంది. స్పీకరు గుడ్డ తీసి చూడండి. కోను అంచున ఉన్న ఫోమ్ మీద వేలు పెడితే నల్లటి జిగురు పొడిగా ఊడి వస్తుంది. దాన్ని వెచ్చదనం అంటే వినేవాడు మెకానిక్ అయితే నవ్వుతాడు.

ఇక సీడీలో ముక్కలంటారే, ఆ మెట్లమెట్లుగా ఉండే డిజిటల్ తరంగం పుస్తకంలో బొమ్మ మాత్రమే. సీడీ ప్లేయరు ఔట్‌పుట్‌ను ఆసిలోస్కోప్‌కు తగిలిస్తే నున్నటి గీత కనిపిస్తుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటే, మనిషి చెవి అందుకునే 20 వేల హెర్ట్జ్ దాకా తరంగాన్ని తిరిగి నిర్మించవచ్చు. అసలు రాజీలన్నీ రికార్డులోనే ఉన్నాయి. తిరిగే వేగం ఒక్కటే కనుక, బయటి అంచున సూది కింద సెకనుకు అర మీటరు గాడి సాగితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి ఇరవై చిల్లర సెంటీమీటర్లే సాగుతుంది. ఎల్పీలో చివరి పాటకు ‘స’, ‘ష’ అక్షరాలు చీరుకుపోయేది అందుకే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. కొన్ని సీడీలు నిజంగానే పాత ఎల్పీ కన్నా చెడ్డగా ఉన్నాయి. కారులో గట్టిగా మోగాలని శబ్దాన్నంతా ఒకే ఎత్తుకు నొక్కేశారు. 2008లో మెటాలికా అనే రాక్ బృందం ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ మీద రేగిన రభస దాని గురించే. మన పాత హిందీ పాటలకు ‘ఝంకార్ బీట్స్’ తగిలించిన పాపమూ ఆ కోవలోదే. చెవి ఇక్కడ అబద్ధం చెప్పలేదు. కానీ దోషం మాస్టరింగ్ గదిలో కూర్చున్నవాడిది, డిస్కుది కాదు.

కొత్త సామాను అమ్మేవాళ్లు తక్కువేం తినలేదు. కారు ఖరీదు చేసే స్పీకర్ వైరు గురించి ఏం మాట్లాడతాం? ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొని, గదిలో గోడల మోత తగ్గించుకుంటే తేడా పక్కింటివాడికీ తెలుస్తుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు ఆంప్లిఫైయర్లనూ దుప్పటి చాటున పెట్టండి. స్పీకరు టెర్మినళ్ల దగ్గర వోల్టేజి రెండింటికీ సమానం చేయండి. నాణెం ఎగరేసి ఏది మోగించాలో ఇంకొకరిని తేల్చమనండి. మల్టీమీటరు లేకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు.