ఆ ఫొటోలో లేని గోల్‌కీపర్

1999 మహిళల ప్రపంచకప్ ఫైనల్ అనగానే జెర్సీ విప్పిన బ్రాండీ చస్టేన్ ఫొటోనే చూపిస్తారు. నాకూ చాలాకాలం అంతే తెలుసు. షూటౌట్‌లో చైనా మూడో కిక్‌ని బ్రియానా స్కర్రీ ఆపకపోతే ఆ ఫొటో ఎక్కడిది? అమెరికా తుదిజట్టులో ఆమె ఒక్కతే నల్లజాతి క్రీడాకారిణి.

1996, 2004 ఒలింపిక్ స్వర్ణాలు ఆమెవి. 2010లో మ్యాచ్ ఆడుతుండగా తలకు దెబ్బ తగిలి ఆటే ఆగిపోయింది. తలనొప్పులు, డిప్రెషన్, అప్పులు. ఆపరేషన్ కోసం ఇన్సూరెన్స్ వాళ్లతో కొట్లాడాల్సి వచ్చింది, అది 2013లో గానీ జరగలేదు. ఈలోగా రెండు స్వర్ణాలూ తాకట్టుకు వెళ్లాయి.

2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ ఆమే. దీన్ని ప్రాతినిధ్యం అని చప్పట్లు కొట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. జట్టులో చోటు ఆమెకు ముందే ఉంది. దెబ్బ తగిలాక వైద్యం, జీతం ఎవరి బాధ్యతో అప్పుడే తేల్చి ఉండాల్సింది.