అన్నం లేని గిన్నె

— బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

వార్షిక సంచికలో తిండి గురించి వ్యాసమేమిటని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నవ్వితే నవ్వండి. దేశాన్ని గురించి, యువతరాన్ని గురించి, వరకట్నాన్ని గురించి వ్రాసేవాళ్ళు మన కాలేజీలో చాలామందే వున్నారు. రోజుకు మూడుసార్లు అందరం చేసే పనిని గురించి వ్రాసేవాళ్ళు మాత్రం తక్కువ. పైగా నేను చెప్పదలచుకున్నది వంట సంగతి ఒక్కటే కాదు, వంతుల సంగతి కూడా.

ఈ మధ్య హాస్టలు గదుల్లో “టాకో బౌల్” అనే మాట తరచుగా వినబడుతోంది. టాకో మెక్సికో దేశపు తిండి. అక్కడ మొక్కజొన్న రొట్టెను తోర్తియా అంటారు. దాని మధ్యలో మాంసమో, ఉడికించిన చిక్కుడు గింజలో పెట్టి, టమాటా, ఉల్లి, పచ్చిమిరప, కొత్తిమీర కలిపిన పచ్చడి వేసి, నిమ్మరసం పిండి, మడిచి చేత్తో పట్టుకు తింటారు. అమెరికావాళ్ళు ఆ రొట్టె తీసేసి లోపలి సరుకంతా గిన్నెలో వేసుకుని టాకో బౌల్ అన్నారు. రొట్టె లేదు కనుక పిండిపదార్థం తక్కువ; తేలిగ్గా వుంటుంది, ఒళ్ళు పెరగదు అని దానికి పేరు వచ్చింది.

దీని మీద మా గదిలో పెద్ద వాదమే జరిగింది. ఒకడు “అన్నం విషంరా, మానెయ్యాలి” అంటాడు. ఇంకొకడు “తాతలనాటినుంచి అన్నం తింటున్నాం, ఎవడో తెల్లవాడు చెబితే మానేస్తామా” అంటాడు. నా అభిప్రాయంలో ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు.

రెండోవాడి మాట ముందు చూద్దాం. ఆ గిన్నెలో వున్న మిరప, టమాటా, రాజ్మా, పల్లీ — ఇవన్నీ ఒకప్పుడు అమెరికా ఖండాలనుంచి సముద్రం దాటి వచ్చినవే. మిరపను మన తీరానికి చేర్చింది పోర్చుగీసువాళ్ళు. వాస్కోడగామా కాలికట్ లో దిగిన 1498కి ముందు మన పచ్చళ్ళలో మిరపకాయే లేదు. ఇవాళ గుంటూరు మిర్చి లేని ఆంధ్ర భోజనాన్ని ఊహించగలమా? కనుక “పరాయి తిండి” అని గిన్నెను తోసెయ్యడం కుదరదు. అందులో సగం సరుకు ఇప్పటికే మన వంటింట్లో వున్నది. ఇక తాతల మాట. మా వైపు తాతలు తిన్నది మూడుపూటలా వరి అన్నం కాదు. మా నాయనమ్మ వయసులో వుండగా తిన్నది మక్క గట్క, జొన్న గట్క. వరి అన్నం పండుగనాటి మాట. కాలువలు, బోర్లు వచ్చాక, 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక, పేదవాడి కంచంలోకి రోజూ అన్నం వచ్చింది. అది చిన్న విషయం కాదు. ఆకలి తెలిసిన ఇళ్ళకు దాని విలువ తెలుసు. అందుకే “అన్నం విషం” అని తేలిగ్గా అనేవాళ్ళంటే నాకు కోపం.

మరి మొదటివాడి మాటలో నిజం లేదా? ఉన్నది. దానికి మెక్సికో రొట్టె కథే చెప్పాలి. అక్కడివాళ్ళు వేల ఏళ్ళుగా మొక్కజొన్న గింజను సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, నానబెట్టి, కడిగి, ఆ తరువాతే రుబ్బి రొట్టె చేస్తారు. సున్నం వల్ల గింజలో బిగిసి వున్న నియాసిన్ అనే విటమిను విడివడి ఒంటికి పడుతుంది. కొంత కాల్షియమూ చేరుతుంది. పక్కన చిక్కుడు గింజలు ఎలాగూ వుంటాయి. యూరపువాళ్ళు మొక్కజొన్నను తెచ్చుకున్నారు గాని సున్నాన్ని వదిలేశారు. పేదలు మొక్కజొన్న ఒక్కటే తిని బతికారు. ఫలితంగా చర్మం పగిలి, విరేచనాలు పట్టుకుని, మతి చలించే పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. స్పెయిన్ లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు దాన్ని 1735లో గుర్తించాడు. నియాసిన్ లోపమే మూలమని తేలడానికి 1937 దాకా పట్టింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లలో ఇదే జబ్బును జొన్నే ముఖ్యాహారంగా బతికే దక్కను పేదలలో చూసి పరిశోధన చేశారు.

దీన్నిబట్టి నాకు అర్థమైనది ఇది: గింజ చెడ్డది కాదు, గింజను ఒంటరిగా తినవలసి రావడం చెడ్డది. ఈ ముక్క నాకు పుస్తకంలో అర్థం కాలేదు, మా ఇంట్లో అర్థమైంది.

మా అమ్మకు షుగర్ వచ్చింది. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. ఇంటికి వచ్చి, “అన్నం తగ్గిస్తే ఏం తినాలెరా, మన్నా?” అన్నది. నేను సైన్సు విద్యార్థిని కదా, పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె విని ఊరుకుంది. ఆ సెలవుల్లో ఒకరోజు పొలం నుంచి ఆలస్యంగా వచ్చి అమ్మ తినేటప్పుడు పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను. నాయిన తిన్నాడు, నేను, తమ్ముడు తిన్నాం. కోడికూర గిన్నెలో అడుగున కాస్త పులుసు మిగిలింది. అమ్మ కంచం నిండా అన్నం పెట్టుకుని, ఆ పులుసు ఇంత, మామిడికాయ తొక్కు ఇంత వేసుకుని కలుపుకుంది. “కూర ఏదమ్మా?” అంటే, “ఒడిసింది బిడ్డా, నాకు తొక్కు చాలు” అన్నది. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వింటూనే వున్నాను. ఆ రోజు గాని నా చెవికి ఎక్కలేదు. అమ్మ అన్నం ఎక్కువ తింటున్నది ఇష్టంతో కాదు. కూర మాకు పోయింది, పప్పు మాకు పోయింది; కడుపు నింపడానికి ఆమెకు మిగిలింది అన్నమే.

మర్నాడు అమ్మ ఒక పూటకు పోసుకునే బియ్యం తూచాను. 150 గ్రాములు. తెల్ల బియ్యంలో నూటికి 78 పాళ్ళు పిండిపదార్థమే. అంటే ఒక్క పూటకు దాదాపు 117 గ్రాములు. మాంసకృత్తులు చూస్తే పది పన్నెండు గ్రాములు దాటవు. ఏ మందు మింగినా ఈ లెక్క మారదు కదా అనిపించింది.

అప్పుడు టాకో గిన్నె గుర్తుకు వచ్చింది. ఆ ఆదివారం వంట నేనే చేస్తానన్నాను. నలుగురికి చేసిన లెక్క చెబుతాను. ముందురోజు రాత్రి 100 గ్రాముల రాజ్మా నానబెట్టాను. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్లో వేళ్ళ మధ్య నలిగేదాకా ఉడికించాను. సరిగా ఉడకని రాజ్మాలోని లెక్టిన్ వాంతులు తెప్పిస్తుంది, కనుక ఇక్కడ తొందరపడకూడదు. రాజ్మా దొరకకపోతే అలసందలు వేసుకోవచ్చు. రెండు చెంచాల నూనెలో ఉల్లిగడ్డ, వెల్లుల్లి వేయించి, 400 గ్రాముల కోడి కైమా, కారం, వేయించి దంచిన జీలకర్ర, ఉప్పు, ఒక టమాటా వేసి నీరు ఇగిరేదాకా వుంచాను. మెక్సికోవాళ్ళు ఒరెగానో ఆకు వేస్తారు. నేను చిటికెడు వాము నలిపి వేశాను. మాంసం తిననివాళ్ళు పనీరో, గుడ్లో వాడుకోవచ్చు. రెండు టమాటాలు, సగం ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కొత్తిమీర సన్నగా తరిగి నిమ్మరసం పిండితే పచ్చడి అయింది. అన్నం స్థానంలో 400 గ్రాముల క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం రాసి పది నిమిషాలు పక్కన పెడితే మెత్తబడింది. పైన వేసుకునే పుల్లమీగడకు బదులు గుడ్డలో కట్టి నీరు దించిన పెరుగు. అవకాడో మా ఊళ్ళో లేదు. గుప్పెడు వేయించిన పల్లీలు దంచి చల్లాను.

తరువాత చేసిన పనే అన్నిటికన్నా ముఖ్యం. పొయ్యి మీదనుంచి దించగానే నాలుగు గిన్నెలు వరసగా పెట్టి, అన్నీ నాలుగు సమాన వంతులు వేశాను. ఒక్కో గిన్నెలో పిండిపదార్థం ఇంచుమించు 30–35 గ్రాములు, మాంసకృత్తులు 30 గ్రాముల పైచిలుకు.

నాయిన చూసి, “పసులకు ఏసినట్టు ఆకులేసినవేందిరా” అన్నాడు. అయినా తిన్నాడు. ఆయనకు రెండు జొన్నరొట్టెలు కూడా పెట్టాం. పొద్దంతా పొలంలో వొంగి పనిచేసే మనిషికి గిన్నె ఒక్కటే చాలదు, చాలాలని నేను అననూ అనను. అమ్మ తన గిన్నె వంక చూసి, “ఇదంత నాకేనా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు కాసేపు గొంతు రాలేదు.

ఆ పూటతో ఏ అద్భుతమూ జరగలేదు. చివర్లో అమ్మ ఇంత పెరుగన్నం కావాలన్నది, పెట్టాను. అన్నం ముట్టకపోతే ఆమెకు భోజనం అయినట్టుండదు. కాని ఆ అన్నం పిడికెడే. మిగతా కడుపు అప్పటికే నిండింది. రోజూ టాకో గిన్నె చెయ్యలేం. కాని ఆ రోజునుంచి మా ఇంట్లో కూర దించగానే ముందు అమ్మ వంతు తీసి పక్కన పెడుతున్నాం. మెక్సికో గిన్నె మాకు నేర్పింది అది.

ఒక హెచ్చరిక. షుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళు ఒక్కసారిగా అన్నం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి, నెమ్మదిగా తగ్గించాలి. మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళు మాంసకృత్తులు పెంచేముందు కూడా అడగాలి.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం వున్నవాళ్ళు 10 కోట్లు దాటారు. 2024లో ఆ మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు మన శక్తిలో 45 శాతానికి మించి ధాన్యాలనుంచి రాకూడదంటున్నాయి. ధాన్యం మానెయ్యమని అనలేదు; పక్కన పప్పు, కూర, కాయగూర వుండాలన్నాయి. మరి ఆ పప్పు, ఆ కూర ఎవరి కంచందాకా చేరుతున్నాయి? ఈ ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు దొరకదు, వంటింట్లో చూసుకోవాలి.

కనుక మిత్రులారా, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పూట వంట మీరు చెయ్యండి. టాకో గిన్నే కానక్కరలేదు, ఏదైనా సరే. వడ్డించేముందు గిన్నెలు లెక్కపెట్టండి. ఇంట్లో ఎందరుంటే అన్ని. ఆఖరున తినే మనిషి గిన్నె ముందు నింపండి.