చంటిబిడ్డకు సముద్రస్నానం వద్దు

కార్తిక పౌర్ణమి నాడు నెల్లూరు జిల్లా మైపాడు తీరానికి వచ్చే తల్లిదండ్రులు కొందరు చంటిబిడ్డనెత్తుకొని అలల్లోకి దిగుతుంటారు. వారి భక్తిని కాదనను. కానీ ఏడాది నిండని బిడ్డకు సముద్రస్నానం తగదన్నది నా నిశ్చితాభిప్రాయం.

అల వెనుదిరిగేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. పెద్దవారు తూలితే చేతిలోని బిడ్డ జారిపోవచ్చు. బరువుతో పోలిస్తే శిశువుకు చర్మవైశాల్యం ఎక్కువ కనుక తడిసిన ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. మునిగే బిడ్డ కేక కూడా వేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీట మునిగి సుమారు 3 లక్షల మంది మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే.

ఆచారం కోసమైతే ఒడ్డునే బిడ్డ తలపై నాలుగు చుక్కలు చిలకరించండి. ఒకరు స్నానం చేస్తుండగా మరొకరు బిడ్డతో గట్టునే ఉండండి. ఈత నేర్పాలనుకుంటే ఏడాది దాటాక, శుభ్రమైన గోరువెచ్చని కొలనులో, బిడ్డ చేతికందేంత దగ్గరలో ఉండి మొదలుపెట్టండి. గాలి ఊదిన ట్యూబులను నమ్మవద్దు.

ప్రమాదం జరిగితే బిడ్డను తలకిందులుగా తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. శ్వాస ఆడకుంటే వెంటనే నోటితో ఊపిరి అందిస్తూ, ఛాతీ మధ్య నొక్కుతూ, పక్కవారి చేత 108కు ఫోన్ చేయించండి.

బిడ్డ పెరిగాక స్నానానికి ఎన్నో పౌర్ణములు వస్తాయి.