మల్లయ్య ఎవరికి అల్లుడు

గత నెల మా కార్యాలయానికి ఒక కవరు వచ్చింది. మేము వేసిన నల్లమల ప్రత్యేక సంచికను ఒక సంస్థ వారి వార్షిక పురస్కారానికి పంపాం. అది తిరిగొచ్చింది, వెంట నాలుగు వాక్యాల ఉత్తరంతో. అమ్రాబాదు అడవి లోపలి పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఒక అవ్వ చెప్పగా రాసుకున్న మల్లయ్య ముచ్చట సృజన విభాగంలోకి రాదట, దాన్ని కథ అని మేము ఎక్కడా వేయలేదు గనుక. పరిశోధన విభాగంలోకీ రాదట, ఆధారాలు చూపలేదు గనుక. వాస్తవమో కల్పనో తేల్చి పంపితే వచ్చే ఏడు పరిశీలిస్తారట.

పురస్కారం రానందుకు బాధ లేదంటే అబద్ధమవుతుంది. చందాల మీద నడిచే పత్రిక ఇది, ఆ డబ్బు రెండు సంచికల కాగితానికి సరిపోయేది. కానీ నెల రోజులుగా మమ్మల్ని పొడుస్తున్నది డబ్బు సంగతి కాదు, 'తేల్చి పంపండి' అన్న మాట. తేల్చే పని ఎవరిది? ఎవరి నోటి మాట తేలకుండానే చరిత్ర అవుతుంది, ఎవరిది తేల్చాక గానీ కాగితమెక్కదు?

ఆ ముచ్చట రాసుకున్న తీరు చెప్పాలి. ఎండలు ముదిరే రోజులు. అవ్వ ఇప్పపూలు ఎండబోసుకున్న చాప పక్కన కూర్చుని చెప్పింది. వేటకొచ్చిన శివుడు చెంచుపిల్లను చూసి మనసుపడ్డాడు, మనువాడాడు, చెంచు మల్లయ్య అయ్యాడు. శ్రీశైలంలో ఉన్నాయన చెంచులకు అల్లుడు. ఇదెప్పటి మాట అవ్వా అని అడిగితే, ఆమె మమ్మల్ని వింతగా చూసి, "ఎప్పటిదేంది సారూ, ఇప్ప పూసినప్పటిది" అన్నది. ఎక్కడ అంటే గడ్డం ఎత్తి వాగు అవతలి బండ దిక్కు చూపింది. మా వెంట వచ్చిన కుర్రవాడు ఆ బండ ఎక్కి చూసొచ్చాడు. కింద చెలమ ఉంది, ఆ ఎండలో కూడా నీళ్లున్నాయి. అవ్వ ముచ్చట అట్లా ఒక్కో నీటిచోట ఆగుకుంటూ కృష్ణ దాకా పోతుంది. ఆమె చెప్పిన వరస పట్టుకుని నడిచేవాడు అడవిలో దూపకు చావడు.

రెండు నెలలకు ప్రూఫు పట్టుకుని పోయి ఆమెకు చదివి వినిపించాం. మొదటి పేరాలోనే ఆపింది. "గాయన ఎవలు సారూ?" అని అడిగింది. 'మా అల్లుడు మల్లయ్య' అని ఆమె అన్నచోటల్లా మేము 'శ్రీ మల్లికార్జున స్వామివారు' అని వేశాం. తప్పు పూర్తిగా మాదే. భక్తుల మనసు నొచ్చుకుంటుందేమోనని, అచ్చులో బాగుండదేమోనని, ఎవరూ చెప్పకుండానే మా చేయి దిద్దేసింది. అది మీ మల్లయ్యే అవ్వా అని నచ్చజెప్పబోయాం. "అల్లుణ్ణి స్వామోరు అంటరా? అల్లుడు అనే రాయుండ్రి" అని ఇప్పపూలు తిరగదోయడానికి లేచిపోయింది.

తెలుగు ఇళ్లలో పుట్టిన ఎవరికైనా ఆ మాట బరువు తెలుసు. అత్తమామలు అల్లుడింటికి పోతే అతను ఎదురు నీళ్లిచ్చి కాళ్లు కడుక్కోమనాలి. అత్తింటివాళ్ల కష్టసుఖాల్లో అల్లుడు నిలబడాలి. అల్లుడు అన్నప్పుడు చెంచులు పిల్లనిచ్చినవాళ్లు, కొండ వాళ్లది, దేవుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాడు. స్వామివారు అని రాసిన మరుక్షణం వాళ్లు వేలమంది భక్తుల్లో భక్తులు, వరసలో నిలబడాల్సినవాళ్లు. శివరాత్రికి శ్రీశైలం తేరు లాగిన చేతులు చెంచులవి, అడవిబాటన యాత్రికులకు తోడు నడిచిన కాళ్లు చెంచులవి. ఆ పనికి వాళ్లకున్న దస్తావేజు ఆ చుట్టరికమే. ఒక్క మాట మార్చి దాన్ని మేము రద్దు చేయబోయాం. దీన్ని వాస్తవమా కల్పనా అని అడగడమంటే, రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చుని పెళ్లిపాట నిజమా అని అడగడం లాంటిది.

అదే శ్రీశైలం గురించి ఇంకో కథ ఉంది. దానికేమో ఎవరూ తేల్చి పంపమనరు. చంద్రగుప్తపట్నం రాజు కూతురు చంద్రవతి, కన్నతండ్రి చెడ్డచూపు పడలేక కృష్ణ దాటి పారిపోయి, కొండమీద లింగానికి మల్లెదండలు వేసి కొలిచిందని, ఆ తండ్రేమో శాపం తగిలి పచ్చబండై పాతాళగంగలో పడ్డందుకే ఆ నీళ్లు పచ్చగా ఉంటాయని చెబుతారు. 1794లో శ్రీశైలం వచ్చిన ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ గుడి దగ్గరివాళ్ల నోట ఈ కథ విని రాసుకున్నాడు, అది ఏషియాటిక్ రిసెర్చెస్‌లో అచ్చయింది. తర్వాతి పండితుల్లో కొందరు చంద్రగుప్తుడనగానే గుప్త చక్రవర్తి రెండో చంద్రగుప్తుణ్ణి తలుచుకున్నారు, చంద్రవతిని ఆయన కూతురు, వాకాటక రాణి ప్రభావతీగుప్తతో ముడిపెట్టారు. ప్రభావతి తామ్రశాసనాలు పుణెలో దొరికాయి, ఆమె ఉన్న మాట నిజం. ఆమె ఈ కొండకు వచ్చిందనడానికి మాత్రం పేరులోని పోలిక తప్ప ఏముంది? అయినా ఆ ఊహ 'చారిత్రక సంభావ్యత' అన్న గౌరవంతో పుస్తకాల్లో కూర్చుంది. ఆ చంద్రగుప్తపట్నం శిథిలాలున్నది మన అమ్రాబాదు అడవిలోనే, కృష్ణ ఎడమ ఒడ్డున. అమ్రాబాదుకు దక్షిణాన 32 మైళ్ల దూరమని 1909 నాటి గెజెటీరు రాసింది. ఆ రాళ్ల మధ్య తరతరాలుగా నడిచినవాళ్లు చెబితే జానపదం. ఓడ దిగి వచ్చిన దొర అదే మాట విని రాసుకుంటే ఆధారం. తేడా కథలో లేదు, చెవిలో ఉంది.

1943ను తలుచుకుందాం. ఆ ఏడు చెంచుల పేరు మీద రెండు పనులు బయటికొచ్చాయి. ఒకటి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పుస్తకం. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నందుకు యుద్ధకాలంలో హైదరాబాదు సంస్థానం దాటలేక, ఆయన అమ్రాబాదు పీఠభూమిలో పెంటల మధ్య ఉండి రాసిన పుస్తకం అది. రెండోది 'చెంచులక్ష్మి' సినిమా. మళ్లీ 1958లో అంజలీదేవి, నాగేశ్వరరావులతో అదే పేరుతో ఇంకో సినిమా వచ్చింది, ఆ పాటలు ఇప్పటికీ రేడియోలో వింటాం. తెలుగుదేశంలో చెంచులంటే కళ్లముందుకు వచ్చేది ఏది? ఈకల తలపాగా, బాణం, గంతులు. స్టూడియోలో కుట్టిన ఆ వేషం కోట్లమందికి వాస్తవం. హైమెండార్ఫ్ రాసిన పెంటల పేర్లు, గోత్రాలు, గడ్డలు తవ్వే కర్ర, తేనె తీసే తాడు, ఇవి పరిశోధకుల అల్మారాలో ఉన్నాయి. అవ్వ ముచ్చటేమో రెంటికీ చెందదని మాకు కవరు వచ్చింది.

ఇక అసలైన కల్పన గురించి మాట్లాడదాం. అమ్రాబాదు టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో కోర్ ప్రాంతాన్ని మనుషుల అలికిడి లేకుండా ఉంచాలని 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం చెబుతుంది. పటంలో ఆ చోటు ఒకే రంగుతో ఉంటుంది. ఆ రంగు కింద పెంటలున్నాయి, పొయ్యిలున్నాయి, గోరీలున్నాయి, ఇప్పపూల చాపలున్నాయి. ఉన్న మనుషుల్ని లేనట్టు ఊహించుకోవడం కంటే పెద్ద కల్పన ఏ నవలాకారుడు చేశాడు? ఆ ఊహ మీద స్టాంపు పడింది కాబట్టి అది వాస్తవం. 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు ఆ పటాన్నే ముందు పరిచి లెక్కలు వేశారు. నల్లమల లేచి నిలబడింది, చివరికి శాసనసభ వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. ఆ ఉద్యమంలో జనం నోట వినపడ్డది అణు ఖనిజాల శాస్త్రం కాదు. మా దేవుడి అడవి, మా తాతల అడవి అన్నారు. అప్పుడు ఆ మాట చెల్లిన మేధావులకు ఇప్పుడు మా సంచికలో ఎందుకు చెల్లడం లేదో మాకు అర్థం కావడం లేదు.

మా పాలమూరు గడ్డమీద వాస్తవమా కల్పనా అన్న ఈ తగువు ఏనాడో తీరిపోయిందని మేము నమ్ముకున్నాం. సురవరం ప్రతాపరెడ్డిగారిని చూడండి. తెలంగాణలో కవులే లేరన్న ఒక్క మాటకు ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చిన సంగతి అందరం చెప్పుకుంటాం. ఆయన చేసిన రెండో పనిని అంతగా తలుచుకోం. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఆయన రాజుల శాసనాలనే నమ్ముకోలేదు. కల్పిత కథల్ని, కావ్యాల్ని ముందేసుకుని, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ బాకీల్లో మునిగారు అని ఒక్కొక్కటే ఏరాడు. హంసవింశతిలోని హంస మాట్లాడిందా అని ఆయన అడగలేదు. ఆ హంస నోటి వెంట వచ్చిన వస్తువుల పేర్లు, వృత్తుల పేర్లు రాసుకున్నాడు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం పర్వతాన్ని, శివరాత్రికి ఎక్కొచ్చే జనాన్ని వర్ణిస్తే దాన్ని భక్తి అని పక్కన పెట్టలేదు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ఆ పుస్తకానికే. డెబ్బై ఏళ్ల తర్వాత అదే జిల్లా పత్రికకు వాస్తవమో కల్పనో తేల్చమని ఉత్తరం!

డక్కలి కిన్నెర మీద పండుగ సాయన్న కథ వినని పాలమూరు మనిషి ఉండడు. ఉన్నోళ్లను దోచి లేనోళ్ల పిల్లలకు పెళ్లిళ్లు చేసినవాడు సాయన్న. దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు జిల్లా పొంగిపోయింది. వాయిద్యానికి వచ్చిన గౌరవం అది పలికిన సాయన్నకు కూడా అందిందా అని అడిగినవాళ్లు తక్కువ. రికార్డుల్లో బందిపోటు, పాటలో అన్న. రెండూ రాసినవాళ్ల పక్షాలే.

నమ్మకం మనిషిని చంపుతుంది కూడా అని గుర్తుచేసేవాళ్లున్నారు. నిజమే, బాణామతి పేరుతో ఈ జిల్లాల్లోనే ఆడవాళ్లను కొట్టారు, చంపారు, ఆ నమ్మకాన్ని మేము ఈ పత్రికలోనే తూర్పారబట్టాం. ఒక మనిషి మీద నేరం మోపే మాటకు రుజువు అడగాలి. ఒక జాతి తన బండను, తన చెలమను, తన అల్లుణ్ణి చెప్పుకునే మాటకు కూడా అదే కొలమానం పెడితే అది న్యాయం కాదు, బద్ధకం.

పైగా ఈ సంగతి మన చట్టానికి తెలుసు. అటవీ హక్కుల చట్టం కింద 2008 జనవరి 1న వచ్చిన నియమాలు చదవండి. పదమూడో నియమంలో సాక్ష్యాల పట్టిక ఉంది. గెజెటీర్లు, సర్వే కాగితాలు అన్నీ ఉన్నాయి. వాటితో పాటే బావులు, శ్మశానాలు, పవిత్రస్థలాలు ఉన్నాయి, పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం ఉంది. పేపరు లేని మనిషి జ్ఞాపకాన్ని పేపరు పక్కన కూర్చోబెట్టారు. వల్లకాట్లో తాత గోరీ చూపి, దేవుడి బండ చూపి, ముసలవ్వ చేత చెప్పించి భూమి పట్టా అడగవచ్చు. గ్రామసభలో సాక్ష్యంగా నిలబడగల మాటకు సాహిత్య పోటీలో అడ్డేమిటో?

ఆ సంస్థకు సంచికను మళ్లీ పంపడం లేదు. విషయసూచికలో మాత్రం ఒక మార్పు చేస్తున్నాం. కథలు, వ్యాసాలు, పరిశోధన అన్న తలకట్లు తీసేసి ఇకపై 'చెప్పినవారు', 'రాసుకున్నవారు' అని రెండే వేస్తాం. ఈ చైత్ర పున్నమికి నల్లమల లోపలి సలేశ్వరం జాతరకు పోయేటప్పుడు కొత్త అచ్చు పెంటకు తీసుకుపోవాలని అనుకున్నాం, కొంచెం ఆలస్యమయ్యేట్టుంది. పోయినసారి అవ్వ అల్లుడి మాటే కాదు, ఇంకోటి కూడా పట్టుకుంది. మల్లయ్య విల్లు ఆనించిన చెట్టును మేము ఏగిస అని వేశాం. అది నల్లమద్దట. ఆ పేజీ మళ్లీ కంపోజవుతోంది.