బాబాయికొచ్చిన అయిదు అక్షరాలు

మా బాబాయికి ఇంగ్లీషులో వచ్చిన అక్షరాలు అయిదే. డి, ఐ, ఎస్, సి, ఓ. ఆయన బడికి పోలేదు. 1982లో వచ్చిన 'డిస్కో డాన్సర్' సినిమా పాటే ఆయన బడి. అందులో మిథున్ చక్రవర్తి డిస్కో అనే మాటని ఒక్కో అక్షరంగా విప్పి చెప్తాడు కదా, అలా నేర్చుకున్నాడు. హైదరాబాదుకి బేల్దారి పనికెళ్లినప్పుడు నేల టికెట్టు కొని చూశాడంట. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆ అయిదక్షరాలు మా ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి ఉండేవి.

మా మాదిగపల్లెలో ఎవరి పెళ్లయినా రాత్రి పదకొండు దాటాక టేప్ రికార్డర్‌లో ఆ క్యాసెట్ పడాల్సిందే. విజయ్ బెనెడిక్ట్ గొంతు, బప్పీలహరి సంగీతం. పగలంతా పెద్ద వీధిలో డప్పు కొట్టి వాచిన చేతులతోనే వచ్చి, తెల్ల ప్యాంటు తొడుక్కుని ఆడేవాడు బాబాయి. నడుం ఒక పక్కకి, చెయ్యి ఆకాశంలోకి. పిన్ని మాత్రం పందిరి గుంజ పక్కన నిలబడి నవ్వేది. ఆమెనెవరూ ఆడమనలేదు. ఆ సంగతి కూడా రాయాలి కదా.

సినిమా కథ బాబాయి వందసార్లు చెప్పుంటాడు. ప్రతిసారీ ఒకే చోట ఆగేవాడు. పేదింటి పిల్లోడు గొప్పోళ్ల గిటారు ముట్టుకుంటాడు. దొంగ అంటారు. తల్లి జైలుకెళ్తుంది. "ముట్టుకున్నాడు, అంతే రా" అనేవాడు. సినిమా దాన్ని డబ్బున్నోళ్ల, లేనోళ్ల గొడవగానే చూపించింది. మిగతాది మా బాబాయికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత నేను పీహెచ్‌డీకి పోయాను. ఒక సెమినార్‌లో 'మృగయా' గురించి గంటసేపు మాట్లాడారు. మృణాల్ సేన్ తీసిన 1976 నాటి సినిమా. మిథున్‌కి అదే మొదటిది, జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తెచ్చింది. అందులో ఆయన ఆదివాసీ. తన భార్యని ఎత్తుకుపోయిన వడ్డీ వ్యాపారిని చంపి ఉరికంబం ఎక్కుతాడు. గొప్ప సినిమా, కాదనను. టీ విరామంలో నేను డిస్కో పాట మాట ఎత్తితే నవ్వారు. చౌకబారు అన్నారు. బప్పీలహరి బాణీలు అరువు తెచ్చాడన్నారు. అందులో నిజముంది కూడా. నాకు ఒళ్లు మండింది అక్కడ కాదు. అదే మనిషి, అదే నల్లని ముఖం. ఉరికంబం ఎక్కితే కళ, మెరుపు బట్టలేసుకుని స్టేజీ ఎక్కితే వెకిలి! మనవాడు చచ్చిపోతే కవిత్వం రాసేవాళ్లు, మనవాడు సంతోషంగా ఉంటే ముఖం చిట్లిస్తారేం?

డిస్కోకి ఈ చీదరింపు కొత్త కాదు. న్యూయార్క్ క్లబ్బుల్లో నల్లవాళ్లు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు కలిసి పెంచిన సంగీతం అది. 1979 జూలై 12న చికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు. పాట నచ్చకపోతే వినడం మానేస్తారు గానీ మందుపాతర పెడతారా ఎవరైనా?

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా కాలేజీ వార్షికోత్సవం వస్తోంది. ఎస్సీ హాస్టల్ పిల్లలు అయిదుగురు ఈ పాటకి డాన్స్ చేస్తామని పేర్లిచ్చారు. కమిటీ కొట్టేసింది. "మీరు డప్పు కొట్టండి, ముఖ్య అతిథిని గేటు దగ్గర్నుంచి తీసుకొస్తే బాగుంటుంది" అన్నారు. డప్పంటే నాకు చిన్నచూపా? మా ఇంట్లో బువ్వ ఉడికిందే దాని మీద. కానీ గేటు దగ్గర మనం, స్టేజీ మీద ఇంకొకరు అంటే అది పెద్ద వీధి పెళ్లే కదా. నేనూ ఆ కమిటీలో ఉన్నాను. జాబితాలో పాట పేరు మళ్లీ రాసి పక్కన సంతకం పెట్టాను. రేపు మీటింగులో అడుగుతారు. చెప్తాను.

పిల్లలు రాత్రిళ్లు హాస్టల్ డాబా మీద ప్రాక్టీస్ చేస్తున్నారు. తెల్ల ప్యాంట్లు అయిదు కావాలి, నడుం 28, 30. ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. ఒకటి బాబాయి ఇస్తానన్నాడు.