సోమవారం ఉదయపు కడుపునొప్పి

వరికుంటపాడు వైపు పల్లె నుండి ఒక అవ్వ, పదకొండేళ్ల మనవడిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చేది. "కడుపులో నొప్పంటాడు డాక్టరయ్యా. బడికి పొయ్యే పొద్దుకే వస్తాది, మధ్యాన్నానికి పోతాది" అనేది. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉండేది. ఒకసారి నులిపురుగుల మాత్ర, మరొకసారి కడుపులో మంటకు మందు రాసి పంపాను. నాలుగవసారి వచ్చినప్పుడు, బయట జనం వరుసలో ఉన్నప్పటికీ, ఎందుకో "అబ్బయా, ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగాను. పిల్లవాడు బదులు చెప్పలేదు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తల్లిదండ్రులు బెంగళూరుకు కట్టడపు పనికి వెళ్లి ఎనిమిది నెలలైందని అవ్వ చెప్పింది. వారు ఆదివారం రాత్రి ఫోను చేసేవారు. సోమవారం ఉదయం నొప్పి మొదలయ్యేది.

అవ్వ మొదటిసారి చెప్పిన మాటలోనే రోగనిర్ణయం ఉన్నది. వినవలసిన నేను మూడుసార్లు వినలేదు.

ఇటువంటి నొప్పిని పెద్దలు "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అంటారు. అది నాటకం కాదు. మెదడుకు, పేగులకు నరాల ద్వారా నిరంతర సంబంధమున్నది. దిగులు, భయం పేగుల కదలికను మార్చి, నొప్పిని నిజంగానే కలిగిస్తాయి. "నాకు దిగులుగా ఉంది" అని చెప్పే మాటలు పదేళ్ల పిల్లవాని దగ్గర ఉండవు, కడుపు చూపిస్తాడు. అయితే నిద్రలో నుండి లేపే నొప్పి, బరువు తగ్గడం, మలంలో రక్తం, విడవని వాంతులు, జ్వరం ఉంటే మాత్రం శరీరంలోని జబ్బును ముందుగా వెదకవలసినదే.

మా మెట్ట ప్రాంతంలో ఫ్లోరైడు నీటి సంగతి అందరికీ తెలిసినదే. నెల్లూరు జిల్లాలో ఈ బెడద ఉన్నట్లు వైద్య పత్రికలో 1937లోనే నమోదైంది. పిల్లవాని పండ్ల మీద గార చూడగానే ఇక్కడి తల్లి నీటిని అనుమానిస్తుంది. మనసుకు పట్టిన బాధకు అటువంటి గుర్తు లేదు. కేంద్ర ప్రభుత్వం పన్నెండు రాష్ట్రాలలో జరిపించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుండి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. అరవై మంది ఉన్న తరగతిలో నలుగురన్నమాట.

2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ ఒక బాలిక మరణించిన కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పునిస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మంచిదే. కాని ఉదయగిరి కొండ అవతలి పల్లె బడికి ఆ కౌన్సెలర్ ఎప్పుడు వస్తాడని ఎదురుచూస్తూ కూర్చోలేము. బడి ఈడు పిల్లలకు కడుపునొప్పి, తలనొప్పి అని వస్తే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు మందు రాయకముందే రెండు ప్రశ్నలు అడగాలని నా అభిప్రాయం: ఏ రోజుల్లో వస్తున్నది? ఇంట్లో ఎవరుంటున్నారు? దీనికి పరీక్షలు అక్కరలేదు, రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు కూడా లేవని నేనూ ఒకప్పుడు అన్నవాడినే.

కాస్త పెద్ద పిల్లలు తిండి, నిద్ర, స్నేహితులను వదిలి ముడుచుకొని పోతుంటే "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని నేరుగా అడగవచ్చు. అడిగినందువలన ఆ తలంపు కొత్తగా పుట్టదు, లోపలి బరువు కొంత దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలక, వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు నుండి ఉన్నది. 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

వానలు లేని నేల మీద బ్రతికేవారిని వలస పోవద్దని చెప్పే అర్హత నాకు లేదు. ఆ పిల్లవాని నాయనతో ఫోనులో మాట్లాడి, వారం మధ్యలో కూడా ఒకసారి ఫోను చేయమన్నాను, ఎప్పుడు వస్తారో తేదీతో సహా చెప్పమన్నాను. నొప్పి ఉన్నా బడికి పంపమని, దారిలో తోడు వెళ్లమని అవ్వకు చెప్పాను. నొప్పి ఒక్కసారిగా పోలేదు. సంక్రాంతికి తల్లిదండ్రులు వచ్చి వెళ్లిన తరువాత మళ్లీ రెండు వారాలు వచ్చింది. ఆ రెండు వారాలు కూడా పిల్లవాడు బడి మానలేదని అవ్వ వచ్చి చెప్పింది. ఆనాడు నేను మందేమీ రాయలేదు.